గొంతుబిళ్ల

నా సిద్ధాంత గ్రంథానికి నేను పెట్టిన పేరు చదివి, మా గైడు ఆచార్య పైడిరాజు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘తెలిసి కూడా నోరు విప్పని ఎనిమిదో తరగతి విద్యార్థుల చేత తరగతిలో మాట్లాడించుట: ఒక చర్యాత్మక పరిశోధన’. పేరు కాస్త పొడుగే. నేను సాంఘికశాస్త్రం టీచర్ని, పొట్టిగా రాయడం నాకు చేతకాదు.

“వాళ్ళకి తెలుసని నీకెలా తెలుసమ్మా హైమావతీ?” అన్నారాయన.

“పద్దెనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను సార్. మొహం చూస్తే తెలిసిపోతుంది.”

“మొహం చూసి తెలుసుకున్నానని గ్రంథంలో రాస్తే, వైవా రోజున అందరూ నీ మొహం చూస్తారు.”

ఒళ్ళు మండింది. పాలకొండ నుంచి విశాఖపట్నం దాకా సగం దారి బస్సులో నిలబడి వచ్చిన మనిషితో అనాల్సిన మాటేనా అది! కానీ ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా తరగతిలో బిడ్డిక శాంతి అని ఒక పిల్ల ఉంది. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రెండేళ్ళలో దాని గొంతు నేను హాజరు పిలిచినప్పుడు తప్ప వినలేదు. పరీక్షలో మాత్రం చక్కగా రాస్తుంది. అలాంటి వాళ్ళు నా తరగతిలో సగం మంది. నేను ప్రశ్న వేస్తే ముందు వరసలో ముగ్గురు చేతులెత్తుతారు, మిగతావాళ్ళు బెంచీల మీద గీతలు గీసుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ ముగ్గురితోనే మాట్లాడి మాట్లాడి నాకు విసుగొచ్చేసింది.

“సరే, పద,” అని పైడిరాజు గారు లేచారు. పక్క భవనంలో ధ్వని ప్రయోగశాల ఉంది. అక్కడ కరుణశ్రీ అనే పరిశోధకురాలు ఒక పెద్దాయన మెడ మీద ఏదో అంటిస్తోంది. ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట, ఇప్పుడిప్పుడే కూడగట్టుకుంటున్నాడు. ఆ అంటించింది చూస్తే ఆడవాళ్ళు పెట్టుకునే స్టిక్కరు బొట్టంత ఉంది, ఒంటి రంగులో. ఆయన భార్య ఎదురుగా టాబ్ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. కాసేపటికి ఆ తెర మీద పసుప్పచ్చని దీపం ఒకటి వెలిగింది.

“ఇప్పుడాయన దగ్గర మాట తయారుగా ఉందండీ,” అంది కరుణశ్రీ. “మనం ఏదైనా అనే ముందు, చివరికి అనకపోయినా సరే, నాలుకా గొంతూ ఆ మాటకి సర్దుకుంటాయి. ఆ కదలిక ఈ బిళ్లకి తెలుస్తుంది. మాట బయటికొస్తే దీపం ఆరిపోతుంది. రాకుండా ఆగితే వెలుగుతూనే ఉంటుంది.”

“ఏం మాటో తెలుస్తుందా?”

“తెలీదండీ. మాట ఉందని మాత్రమే. అదీ ఒంటి మీద ఉంటేనే. ఒంటి వేడితోనే పనిచేస్తుంది.”

దీపం వెలుగుతూనే ఉంది. పెద్దాయన పెదవులు కదులుతున్నాయి. ఆయన భార్య మాత్రం తొందరపడకుండా టాబ్ వైపోసారి, మొగుడి వైపోసారి చూస్తూ కూచుంది. నాకు ఉండబట్టలేదు. “ఏం కావాలో మీరే అడగొచ్చు కదమ్మా?” అన్నాను.

“అడిగితే కంగారుపడి మింగేత్తారమ్మా,” అందావిడ. “మాటుందని తెలిసింది కదా, సాలు. ఆయనే సెప్తారు.”

ఆ మాట నేను చెవిన పెట్టుకోలేదు. నా కళ్ళన్నీ ఆ దీపం మీదే ఉన్నాయి. శాంతి మెడ మీద ఇది ఉంటే నా పొడుగాటి పేరుకి ఆధారం దొరికినట్టే కదా అనుకున్నాను.

*

ప్రణాళిక రాయడం నాకిష్టమైన పని. ప్రధానోపాధ్యాయుడి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, ఏ వారం ఏ పాఠం, ఎవరు గమనించాలి, ఎలా గమనించాలి, అన్నీ గళ్ళు గీసి రంగులు వేశాను. మొదటి చుట్టు ఇలా సాగాలి: ప్రశ్న వేస్తాను, ఎవరి పేరు పక్కన దీపం వెలిగితే వాళ్ళని లేపుతాను. ఏం జరిగిందో చూస్తాను. కూచుని ఆలోచిస్తాను. దాన్నిబట్టి రెండో చుట్టు. చర్యాత్మక పరిశోధన అంటే అంతే. బయట నిలబడి చూసి రాసేది కాదు, మన తరగతిలో మన ఇబ్బందికి మనమే ఒక ఉపాయం వేసి, చేసి, చూసి, మళ్ళీ దిద్దుకోవడం.

పైడిరాజు గారు అన్ని పేజీలూ తిప్పి, ‘భాగస్వాములు: ముప్ఫై ఆరుగురు విద్యార్థులు’ అన్న చోట పెన్సిలుతో ఒక సున్నా చుట్టి తిరిగిచ్చేశారు. ఎందుకు చుట్టారో చెప్పలేదు. అంకె తప్పేమోనని హాజరు పట్టీ మళ్ళీ చూశాను. ముప్ఫై ఆరే.

బిళ్లలు వచ్చిన రోజు మా లిఖిత సోఫా మీద బోర్లా పడుకుని ఏదో చదువుకుంటోంది. నా కూతురు. పదమూడేళ్ళు. అదీ ఎనిమిదే, వేరే బడిలో. ఇంట్లో లిక్కీ అంటాం. అంటాం అనకూడదేమో, ఇప్పుడు అనేదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళ నాన్న త్రినాథ్ కరెంటు టవర్లు నిలబెట్టే కంపెనీలో ఇంజినీరు. రాయపూర్‌లో డెప్యుటేషన్ మీద ఉన్నాడని లిక్కీకి చెప్పాం.

రాయపూర్‌లో ఉన్న మాట నిజమే, డెప్యుటేషన్ మాత్రం నిజం కాదు. మేమిద్దరం విడిపోదామని అనుకున్నాం. గొడవలేమీ లేవు. గొడవ పడడానికైనా ఇద్దరి మధ్యా మాటలుండాలి కదా! ఏడాదికి ఏడాది అవి తగ్గుతూ వచ్చి, చివరికి గ్యాస్ బుక్ చేశావా, పాలవాడు వచ్చాడా అన్న దగ్గర ఆగిపోయాయి. లిక్కీ పరీక్షలయ్యాక చెబుదామని ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పటిదాకా ఆదివారం ఆదివారం వీడియో కాల్. ఆ కాల్‌లో నేను కూడా కనబడి, “భోజనం చేశారా?” అని అడుగుతాను. ఆయన “చేశాను, నువ్వు?” అంటాడు.

“నాకూ ఒకటి పెట్టమ్మా, టెస్ట్ చేద్దాం,” అని లిక్కీ మెడ చాపింది. బిళ్ల అంటించాను. “భారతదేశానికి పొరుగున ఉన్న దేశాలేవి?” అని అడిగాను. దీపం వెలిగింది. అది నోరు గట్టిగా మూసుకుని కళ్ళెగరేసి నవ్వింది. తర్వాత గడగడా చెప్పేసింది, దీపం ఆరిపోయింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. మా ఇంట్లో అంత నవ్వు విని చాలా కాలమైంది.

“దీని పేరు గొంతుబిళ్ల,” అని నామకరణం కూడా అదే చేసింది. “ఉంచుకుంటానమ్మా కొన్నాళ్ళు. బావుంది.”

ఉంచుకోమన్నాను. ఇంట్లో కూడా పరిశీలన జరుగుతుంది కదా అని నాలో పరిశోధకురాలు సంబరపడింది.

*

బడిలో మొదటి వారం పండగే. జిల్లాలో నదుల గురించి అడిగాను. తెర మీద పేర్ల పక్కన పసుపు దీపాలు టపటపా వెలిగాయి, ఒకటి కాదు, పందొమ్మిది. ఇన్నాళ్ళూ నేను ముగ్గురితో నడిపిన తరగతిలో పందొమ్మిది మంది గొంతుల్లో జవాబులున్నాయి! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

“శాంతీ, లే. నీకు తెలుసు. చెప్పు.”

శాంతి అదిరిపడింది. లేచి నిలబడింది. “నాగావళి టీచరు గారూ. మా కొండల కాడి నుంచే వస్తాది,” అంది. తర్వాత ఆ నది వాళ్ళ ఊరి దగ్గర ఎంత సన్నగా ఉంటుందో, వానాకాలంలో ఎలా మోగుతుందో కూడా చెప్పింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. అబ్బో, నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కరుణశ్రీకి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

ఆ వారమంతా ఒక్కొక్కళ్ళనీ లేపాను. “నీకు తెలుసు, చెప్పు.” వాళ్ళు చెప్పారు. నా పట్టికలో గీత పైకి పైకి పోయింది.

ఇంట్లో మాత్రం వేరే సంగతి జరుగుతోంది. టాబ్ ఇంటికి తెచ్చుకుని వంటింటి గట్టు మీద, లిక్కీ గది గుమ్మంలోంచి కూడా తెర కనబడేలా పెట్టుకునేదాన్ని. లిక్కీ తన గదిలో చదువుకుంటున్నంతసేపూ దీపం వెలగదు. స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు వెలిగి ఆరుతూ ఉంటుంది, అది మామూలే. నేను ఆ గదిలోకి అడుగు పెడితే చాలు, వెలుగుతుంది. వెలిగి ఆరదు. “పాలు తాగావా?” అంటాను. “ఊఁ,” అంటుంది. దీపం అలాగే ఉంటుంది. నేను బయటికొచ్చి తలుపు చేరవేశాక కాసేపటికి ఆరిపోతుంది.

నా కూతురి గొంతులో నాతో అనాల్సిన మాట ఒకటి ఉంది. నేను కనబడినప్పుడల్లా ఆ మాట పైకొస్తోంది, లిక్కీ మింగేస్తోంది. నాన్న సంగతి దానికి తెలిసిపోయిందా? లేకపోతే నా మీద కోపమా? బడిలో ఎవరైనా ఏమైనా అన్నారా? ఏదై ఉంటుందో ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో! దీపం మాత్రం ఉందని చెబుతుంది, ఏముందో చెప్పదు. ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర, ఎదురెదురుగా కూచుని దాని మెడ కేసి చూస్తూ అన్నం తినడం కన్నా ఒంటరితనం ఇంకోటి ఉంటుందా?

నేను టీచర్ని. నాకు తెలిసిన ఉపాయం ఒకటే. ఒకరోజు సాయంత్రం పుస్తకాలు సర్దుకుంటుంటే ఎదురుగా నిలబడ్డాను.

“లిక్కీ, నీ దగ్గర ఏదో మాట ఉంది. నాకు తెలుసు. చెప్పు.”

అది నా చేతిలో టాబ్ చూసింది. దాని మొహం ఎర్రబడింది. “ఏం లేదమ్మా.”

“ఉంది. కనబడుతూనే ఉంది. చెప్పవే, నేనేమీ అనను.”

“ఏం లేదన్నానా!”

దీపం ఆరిపోయింది. మాట చెప్పినందుకు కాదు. నా కళ్ళ ముందే మింగేసింది. మర్నాడు మళ్ళీ వెలిగింది, మళ్ళీ అడిగాను. ఆ మర్నాడూ అంతే. “ఏటమ్మా ఇది, ఇల్లా, క్లాసా?” అని విసుక్కుని బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయింది. నాకూ కోపం వచ్చింది. కన్నతల్లి దగ్గర దాచాల్సింది ఏముంటుందమ్మా పదమూడేళ్ళ పిల్లకి?

నేను దాని దగ్గర ఏం దాస్తున్నానో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

*

తర్వాత ఇంట్లో దీపం వెలగడం మానేసింది. నేను గదిలోకి వెళ్ళినా లేదు, భోజనాల దగ్గరా లేదు. లిక్కీ మామూలుగా తిరుగుతోంది. మెడకి చున్నీయో, జుట్టో అడ్డం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏదో చిన్న విషయమై ఉంటుంది, దానంతటదే సర్దుకుంది, నేను అడిగిన కొద్దీ భారం తగ్గింది అనుకున్నాను. ‘ఇంటి వాతావరణంలో సైతం పద్ధతి సత్ఫలితాన్నిచ్చినట్లు కనబడుతున్నది’ అని రాసుకున్నాను కూడా. ఆ వాక్యం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదే సమయంలో బడిలో గీత కిందికి దిగింది. పందొమ్మిది దీపాలు పన్నెండయ్యాయి, ఐదయ్యాయి. ఒకరోజు ప్రశ్న వేస్తే ఒక్కటీ వెలగలేదు. బిళ్లలు పాడయ్యాయేమోనని మెడలన్నీ తడిమి చూశాను. అన్నీ బాగానే అంటుకుని ఉన్నాయి. ముందు వరసలో ఆ ముగ్గురు కూడా చేతులెత్తడం లేదు. ముప్ఫై ఆరు మంది నా కేసి చూస్తూ కూచున్నారు, సుద్దముక్క కిందపడితే వినబడేటంత నిశ్శబ్దం. గీతలు గీసుకునే రోజులే నయమనిపించింది.

సాయంత్రం శాంతిని ఆపాను. “ఏమ్మా, నదుల పాఠం అంత బాగా చెప్పావు. ఇప్పుడు నీకేమైంది?”

అది కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది. చేతిలో టాబ్ ఉంటే మళ్ళీ చూస్తానని, దాన్ని బల్ల సొరుగులో పెట్టి మూశాను. అప్పుడు మాట్లాడింది.

“నాకు ముందంతా లోపల్లోపల మాటాడుకోడం అలవాటండి. మీరు పాఠం సెప్తంటే నానూ మీతోటి సెప్పుకునేదాన్ని. మా అమ్మతో, మా మేకతో కూడా. హాస్టల్లో ఎవులూ నేరు కదండి మాటాడ్డానికి.” సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. “ఇప్పుడు లోపల అనుకున్నా మీకు తెలిసిపోతాది. లేపీత్తారు. అందుకని అనుకోడం మానీసినాను టీచరు గారూ.”

“పూర్తిగానా?”

“రాత్రి పడుకున్నప్పుడు కూడా రాడం లేదండి ఇప్పుడు. మా అమ్మతో అనుకుందామన్నా.”

ఆ పిల్లకి ఉన్న ఒకే ఒక్క తోడు, దాని లోపలి మాట. వాళ్ళ అమ్మ, మేక, కొండవాగు అన్నీ అందులోనే ఉన్నాయి. నేను తెలిసో తెలియకో అక్కడికి కూడా బెత్తం పట్టుకుని వెళ్ళాను. వంగి దాని మెడ మీద బిళ్ల తీసేశాను. మర్నాడు మిగతా ముప్ఫై ఐదు కూడా తీసేసి పెట్టెలో పెట్టాను.

*

పైడిరాజు గారి ముందు పెట్టె పెట్టి జరిగిందంతా చెప్పాను. ఇంటి సంగతి కూడా, గర్వంగానే. “ఇంట్లో మాత్రం పనిచేసింది సార్. దీపం వెలగడం ఆగిపోయింది.”

ఆయన నా ప్రణాళిక తీసి తన పెన్సిలు సున్నా మీద వేలు పెట్టారు.

“ముప్ఫై ఆరుగురు. ముప్ఫై ఏడో మనిషేదమ్మా?”

“ముప్ఫై ఏడో విద్యార్థి లేడు సార్.”

“విద్యార్థి అన్లేదు, భాగస్వామి అన్నాను. వేరేవాళ్ళ మీద చేసేది ప్రయోగం. అది కరుణశ్రీ చేసుకుంటుంది. నువ్వు చేస్తానన్నది చర్యాత్మక పరిశోధన. అందులో మొట్టమొదట మారాల్సింది నువ్వు. ముప్ఫై ఆరు మెడలకీ బిళ్ల అంటించావు గాని, పాఠం చెబుతున్న మనిషి గొంతులో ఏముందో ఎవరైనా చూశారా?”

నేను నోరు తెరిచి మూశాను. ఆయన నవ్వారు. “ఇదిగో, ఇప్పుడు నీకు బిళ్ల ఉంటే దీపం వెలిగేది.”

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మొహం కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్ళాను. మా అద్దం సంగతి చెప్పాలి. స్నానానికి ముందు బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించడం, తర్వాత కొత్తది పెట్టుకోవడం నా అలవాటు. మా అమ్మకీ అదే అలవాటు. ఆ పాతవన్నీ అద్దం అంచున వరసకట్టి ఉంటాయి, మెరూన్‌వి, నల్లవి, కొన్ని ఎండిపోయి అంచులు లేచినవి. రోజూ చూసేవే, అందుకే ఎప్పుడూ చూడను. ఆ రోజెందుకో సబ్బు నీళ్ళు కళ్ళల్లోంచి తుడుచుకుంటూ అటు చూశాను. మెరూన్ బొట్టుబిళ్లల వరస చివర, వాటి పక్కనే ఒద్దికగా, ఒంటి రంగులో ఒకటి అంటుకుని ఉంది.

గొంతుబిళ్ల.

ఎన్ని రోజుల నుంచి అక్కడుందో! లిక్కీ స్నానానికి తీసి అద్దానికి అంటించి, మళ్ళీ పెట్టుకోలేదు. దాచలేదు కూడా. నేను రోజుకి రెండుసార్లు మొహం చూసుకునే చోటే పెట్టింది. నేనేమో దీపం ఆరిందని పొంగిపోయాను. ఇన్నాళ్ళూ ఊరుకున్నది నా కూతురి గొంతు కాదు, అద్దం.

నేల మీద తడిలోనే కూచుండిపోయాను. ఏడుపొచ్చింది. కుళాయి తిప్పి ఉంచాను, దానికి వినబడకుండా. కుళాయి కట్టేసి లేచాక ఆ బిళ్ల గోటితో తీసి నా మెడకి అంటించుకున్నాను.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర టాబ్ తీసి లిక్కీ కంచం పక్కన పెట్టాను.

“ఏమిటిది?”

మెడ చూపించాను. “ఈసారి నాకు. నువ్వు చూడు.”

అది నమ్మనట్టు చూసింది. అప్పటికే తెర మీద తన పేరు పక్కన దీపం వెలుగుతోంది. ఇప్పుడు ఆ గొంతు నాది. లిక్కీ పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. నేను దానికి చారు పోశాను. దీపం వెలుగుతోంది. అప్పడం వేశాను. వెలుగుతోంది. చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటున్నకొద్దీ ఇంకేదో ఒకటి వడ్డిస్తున్నాను. ‘చెప్పమ్మా, నీ దగ్గర ఏదో ఉంది’ అని అది అంటుందేమోనని బిక్కుబిక్కుమంటూ చూశాను. మన గొంతులోకి ఎవరైనా అలా చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒంటి మీద బట్టల్లేనట్టుంటుంది.

అది అడగలేదు. కాసేపు దీపాన్ని చూసి, టాబ్‌ని బోర్లించి పచ్చడి జాడీ పక్కకి జరిపింది. మళ్ళీ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. ప్రయోగశాలలో ఆ పెద్దాయన భార్య ‘మాటుందని తెలిసింది కదా, సాలు’ అన్నది అప్పుడొచ్చింది నా చెవికి, ఇన్నాళ్ళకి.

“నాన్న ఇంక మన దగ్గరికి రారు లిక్కీ,” అన్నాను. “డెప్యుటేషన్ కాదది. మేం విడిపోదామనుకున్నాం.”

“తెలుసు.”

“ఎవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు. నాన్న దోసెల పెనం పట్టుకెళ్ళాడు కదా. డెప్యుటేషన్‌కి ఎవరైనా పెనం పట్టుకెళ్తారా?”

మా ఇంట్లో దోసెలు వేసేది త్రినాథే. ఆ పెనం ఆయనది, పెళ్ళి కాకముందు గదిలో ఒక్కడూ ఉన్నప్పటిది. పెనం లేదని నేను గమనించనైనా లేదు. ఇద్దరం కూచుని ఎంత జాగ్రత్తగా అబద్ధం అల్లామో, దానికి మొదటి రోజే తెలిసిపోయింది. ఇన్ని నెలలూ ఆ పిల్ల అది తెలియనట్టు మా ఇద్దరికీ మధ్య ఫోను పట్టుకుని కూచుంది.

“మరి అదేనా, నాతో అనాలనుకుని ఆపేసుకున్నది?”

లిక్కీ తల అడ్డంగా ఊపింది. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో అంత కష్టపడి ఎప్పుడూ నోరు మూసుకోలేదు. బయట ఎవరిదో బండి స్టార్టవక గింజుకుంటోంది. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా ఆగాను.

“నేను నాన్న దగ్గరికి వెళ్తానమ్మా,” అంది కంచంలోకి చూస్తూ. “తొమ్మిది అక్కడ చదువుతాను. నాన్న ఒక్కడే ఉన్నాడు. ఆదివారం ఫోన్‌లో వెనకాల గోడ చూశావా? ఒక్క క్యాలెండరైనా లేదు.” మెతుకులు వేలితో పక్కకి నెట్టింది. “కానీ అప్పుడు నువ్వు ఒక్కదానివే అయిపోతావు. అందుకని రోజూ అనుకుని మానేసేదాన్ని.”

అదన్నమాట. దాని గొంతులో అడ్డుపడింది కోపమూ కాదు, రహస్యమూ కాదు. నేనే.

“వెళ్ళు,” అన్నాను. “తప్పకుండా వెళ్ళు. ఇక్కడ నాకు బడి ఉంది, పరిశోధన ఉంది. నాకేం?”

అది తలెత్తి నన్ను చూసింది. ఎడంచేత్తో బోర్లించిన టాబ్‌ని నెమ్మదిగా ఎత్తి చూసింది. తెర నాకు కనబడలేదు, పసుపు వెలుగు దాని బుగ్గ మీద పడడం మాత్రం కనబడింది. ఆ దీపం ఆరలేదు. అది టాబ్‌ని మళ్ళీ బోర్లించింది. “ఇంకొంచెం చారు పొయ్యమ్మా,” అంది.

*

వేసవిలో పార్వతీపురం స్టేషన్లో దాన్ని రాయపూర్ రైలెక్కించాను. త్రినాథ్ వచ్చి తీసుకెళ్ళాడు. “జాగ్రత్త,” అన్నాడు నాతో. “మీరూనూ,” అన్నాను. పాత మాటలకన్నా అవే నయంగా ఉన్నాయి.

జూన్లో బడి తెరిచాక తొమ్మిదో తరగతికి వచ్చిన అదే పిల్లలతో రెండో చుట్టు మొదలుపెట్టాను. బిళ్లల్లేవు, టాబ్ లేదు. ప్రణాళికలో ‘భాగస్వాములు: ముప్ఫై ఏడుగురు’ అని దిద్దాను. గ్రంథం పేరులో ‘మాట్లాడించుట’ కొట్టేసి ‘మాట్లాడేదాకా ఆగుట’ అని రాశాను, పైడిరాజు గారు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. ప్రశ్న వేసి కూచుంటాను. ఎవరినీ లేపను. మొదట్లో ఆ నిశ్శబ్దానికి నాకే చెమటలు పట్టేవి. శాంతి ఇంకా తరగతిలో నోరు విప్పలేదు. కానీ మొన్న నేను బోర్డు మీద పటం గీస్తుంటే దాని పెదవులు చప్పుడు లేకుండా కదలడం చూశాను. ఎవరితోనో మాట్లాడుకుంటోంది. వెంటనే చూపు తిప్పేసుకున్నాను.

సాయంత్రం ఇంటికొస్తే ఇల్లు తాళం వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఉదయం వదిలిన గ్లాసు వదిలిన చోటే ఉంటుంది. దాన్ని కదిపేవాళ్ళు లేరని తెలిసి కూడా కొన్నిసార్లు గ్లాసుని వేరే చోట పెట్టి వెళ్తాను. స్నానాల గది అద్దం మీద బొట్టుబిళ్లలు తీసి శుభ్రం చేద్దామనుకుంటాను, చెయ్యను. ఒంటరిగా ఉంది నాకు. చాలా ఒంటరిగా ఉంది. పొద్దున్న టీ ఒక్కరికి సరిపడా పెట్టడం ఇంకా చేతకావడం లేదు.

పోయిన ఆదివారం లిక్కీ ఫోన్ చేసింది. కొత్త బడి, హిందీ టీచరు, నాన్న మాడ్చేసిన కూర, అన్నీ చెప్పింది. వెనకాల గోడకి క్యాలెండర్ వేలాడుతోంది. చెప్పేవన్నీ అయిపోయాక ఇద్దరం ఊరికే ఉన్నాం. ఇదివరకైతే ఏదో ఒకటి అడిగి ఆ ఖాళీ పూడ్చేదాన్ని.

“అమ్మా,” అంది అది, “ఆ రోజు నువ్వు వెళ్ళమన్నాక కూడా దీపం వెలుగుతూనే ఉంది.”

“ఊఁ.”

అది ఇంకేమీ అడగలేదు. ఆగింది. నా కూతురికి ఆగడం వచ్చు, ఎవరి దగ్గర నేర్చుకుందో గాని నా దగ్గర మాత్రం కాదు.

“ఉండిపోవే లిక్కీ, అందామనుకున్నాను,” అన్నాను.

అటునుంచి ఊపిరి వినబడింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా.

“అని ఉంటే ఉండిపోయేదాన్ని కదమ్మా!”

“తెలుసు. అందుకే అనలేదు.”

ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.